సిడ్నీ లిడ్‌కోంబ్‌లో పక్కింటి స్థలంలో ఆరంతస్తులంట, ఆపగలమా?

లిడ్‌కోంబ్‌వాసి: అన్నలూ, మా ఇంటి నుంచి స్టేషన్‌కి ఐదు నిమిషాల నడక, నిన్న కౌన్సిల్ నుంచి లెటర్ వచ్చింది, పక్కన అపార్ట్‌మెంట్లు కడతారంట, అభ్యంతరం రాస్తే వింటారా లేక నామ్‌కేవాస్తేనా?

సిడ్నీ బాబాయ్: ఎత్తు మీద రాసి లాభం లేదమ్మా. 2024 మేలో వచ్చిన టీఓడీ రూల్స్ (స్టేషన్ల దగ్గర ఎక్కువ ఇళ్లు కట్టించే రాష్ట్ర ప్రభుత్వ రూల్స్) ప్రకారం ఎంపిక చేసిన స్టేషన్ల చుట్టూ 400 మీటర్లలో 22 మీటర్ల ఎత్తు దాకా, అంటే దాదాపు ఆరంతస్తులు, కట్టొచ్చు, లిడ్‌కోంబ్ ఆ లిస్టులో ఉంది. నీడ, కిటికీలు మీ పెరట్లోకి చూడటం, కారు దారి, చెట్లు, ఇలా నీ ఇంటికి తగిలేది ఫొటోలతో రాయి. లెటర్లో గడువు చూస్కో.

హోమ్‌బుష్ పిల్ల: మా దగ్గరైతే స్టేషన్ చుట్టూ 1200 మీటర్లు!! సబ్మిషన్లు తీసుకున్నారు కానీ అసలు కట్టాలా వద్దా అనేది ఎవరూ అడగలేదు

కొత్తగా వచ్చా: అద్దెలు చూశారా అసలు? కట్టనివ్వండి బాబూ. కాకపోతే పెద్ద బిల్డింగుల్లో తక్కువ అద్దె ఇళ్లు కనీసం 2 శాతమే, అది పెంచమని రాయండి

సిడ్నీ బాబాయ్: అదీ నిజమే. సిడ్నీ ఉత్తరాన ఉన్న కురింగై కౌన్సిల్ ఈ రూల్స్ మీద కోర్టుకెళ్లి, తర్వాత ప్రభుత్వంతో మాట్లాడుకుని సొంత ప్లాన్ చేసుకుంది, అంతస్తులు మాత్రం తప్పలేదు, చోటు మారిందంతే