శెనక్కాయల పొడి, ఆవకాయ అమెరికాకు పంపాలంటే ముందు ఏం చెయ్యాలి?

కొర్లగుంట పొడులు (ప్రశ్న)

అందరికీ నమస్తే. తిరుపతి కొర్లగుంటలో మా మిద్దె మీద షెడ్డు వేసుకుని నాలుగేళ్లుగా శెనక్కాయల పొడి (హైదరాబాదోళ్లు పల్లీ పొడి అంటారు), ఆవకాయ చేసి అమ్ముతున్నాను. నాతో పాటు ముగ్గురు ఆడవాళ్లు పని చేస్తారు. ఫుడ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. పిల్లలు అమెరికాలో ఉన్నోళ్లు ప్రయాణానికి ముందు వచ్చి నాలుగైదు కిలోలు కట్టించుకుని పోతారు.

పోయిన నెల డల్లాస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. అక్కడ ఇండియన్ షాపాయన మన పొడి తిని వంద ప్యాకెట్లు కావాలన్నాడంట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ ఒక ఏజెంటును కలిస్తే "అమెరికా రిజిస్ట్రేషన్"కు లక్షా నలభై వేలు అడిగాడు. అంత పెట్టాలా? కారం తగ్గించాలా? "శెనక్కాయల పొడి" అనే పేరు తీసేసి ఇంగ్లీషు పేరు పెట్టమని మావాడు అంటున్నాడు. తెలిసినోళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గుజ్జు ఫ్యాక్టరీ

అక్కా, ఆ డబ్బు ఇప్పుడే కట్టొద్దు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు 11 ఏళ్లు చూశాను, ఆ అనుభవంతో చెప్తున్నా.

అమెరికా ఎఫ్‌డీఏలో (అక్కడి ఆహార, మందుల శాఖ) మన తయారీ స్థలాన్ని రిజిస్టర్ చేసుకోవడానికి వాళ్లు ఒక్క రూపాయి కూడా తీసుకోరు. అక్కడ ఉండే ఏజెంటు పేరు ఒకటి ఇవ్వాలి. ఆయన ఏమన్నా ఫీజు తీసుకుంటే తీసుకుంటాడు. మన దగ్గర ఐఈసీ నంబరుకు (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకు ఇచ్చే కోడ్) 500 రూపాయలు. మీకున్న మామూలు ఫుడ్ రిజిస్ట్రేషన్ ఎగుమతికి చాలదు, సెంట్రల్ లైసెన్సు కావాలి. ఆ తర్వాత అపెడాలో (ఆహార ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) సభ్యత్వం. ఇవన్నీ ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మీవాడు కొరియర్లో తెప్పించుకునేది ఇంటి బహుమతి, షాపులో అమ్మకానికి పోయేది సరుకు. రెండింటికీ రూల్సు వేరు. షాపాయన తరఫున దిగుమతి చేసుకునేవాడు "ఈ సరుకు చేసేచోటు శుభ్రంగా ఉందా, ప్రమాదాలు అదుపులో ఉన్నాయా" అని కాగితాల మీద చూపించాలి. అది అక్కడి చట్టం. కాబట్టి ముందు షాపాయన్ను అడగండి: దిగుమతిదారు ఎవరు? ఆ జవాబు రాకుండా ఒక్క ప్యాకెట్ కూడా కట్టకండి.

నాకు భయం వేసేది శెనక్కాయల దగ్గరే. కాయ పీకే టైంలో వాన పడి, తడి కాయ కుప్ప పోస్తే బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. వేయించినా పూర్తిగా పోదు. అమెరికాలో హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. యూరప్‌లో నేరుగా తినే శెనక్కాయల గింజలకు అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 4 మాత్రమే. గింజలు చాటలో పోసి చూడండి. ముడుచుకున్నవి, నల్లచార ఉన్నవి, పొట్టు కింద పసుపు తిరిగినవి ఏరి పారేయండి. అవి పది ఉన్నా బస్తా అంతా పాడు. ఒక్కో బ్యాచ్‌కూ ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో టెస్ట్ చేయించి ఆ కాగితం దాచుకోండి.

మా ఫ్యాక్టరీలో తోతాపురి గుజ్జు డ్రమ్ముకు 215 కిలోలు, కంటైనర్‌కు 80 డ్రమ్ములు పోయేవి. కొనేవాళ్లు ఎవరూ నాతో రుచి గురించి మాట్లాడింది తక్కువ. బ్రిక్స్ (తీపి కొలత) ఎంత, పులుపు ఎంత, రంగు పోయినసారి లాగే ఉందా, ఇవే అడిగేవాళ్లు. ఒకసారి డ్రమ్ముల మీద బ్యాచ్ నంబరుకూ కాగితం మీద నంబరుకూ ఒక్క అంకె తేడా వచ్చింది. గుజ్జు బంగారం లాంటిది, కానీ కంటైనర్ పోర్టులో 19 రోజులు ఆగిపోయింది. ఆ నంబర్లు చూడాల్సింది నేనే. ఇప్పటికీ ఏ సీసా చూసినా ముందు నంబరే చదువుతాను.

లేబుల్ మీద శెనక్కాయలని స్పష్టంగా రాయాలి, అక్కడ అది ఎలర్జీ పదార్థం. నువ్వులు వేస్తే అవి కూడా. 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ఎలర్జీ పదార్థం.

దుబాయ్ షాపు

అక్కా, నేను దుబాయ్‌లో కిరాణా షాపులో పని చేస్తాను, మాది పలమనేరు. కారం తగ్గించొద్దు. మన పొడి కొనేవాడు ఆ కారం కోసమే కొంటాడు. పేరు కూడా తీయొద్దు, కింద ఇంకో లైను పెట్టండి. మా షాపుకు మలయాళీలు, తమిళులు ఎక్కువ వస్తారు. "ఇడ్లీ, దోసెకు" అని ఉండి, పక్కన నెయ్యి వేసిన ఇడ్లీ బొమ్మ ఉంటే పట్టుకుంటారు. పేరొక్కటే ఉన్న పొడి మా దగ్గర ఎనిమిది నెలలు కదల్లేదు.

ఆవకాయ సీసాల సంగతి. నూనె మూతలోంచి కారి లేబుల్ చుట్టూ ఎర్రటి మరక పడితే ఎవరూ ముట్టుకోరు. పంపేముందు ఒక సీసాను పేపర్ మీద తలకిందులుగా రెండు రోజులు పెట్టి చూడండి.

కొర్లగుంట పొడులు

అన్నా, తమ్ముడూ, ఇద్దరికీ దండం. షాపాయన్ను అడిగాను. దిగుమతి చేసుకునేది వేరే ఆయనంట, ఆయన నంబరు ఇచ్చాడు. ఏజెంటుకు వద్దని చెప్పేశాను. నిన్న రెండు కిలోల గింజలు చాటలో పోసుకుని నలుగురం కూర్చుంటే గుప్పెడు చెడ్డవి వచ్చాయి. ఇన్నాళ్లూ అవి కూడా వేయించేశామా అని ఏడుపొచ్చింది. ఆవకాయ సీసాలు రెండు తలకిందులుగా పెట్టాను, ఒకటి కారింది. మూతలు మార్చాలి. గుజ్జు అన్నా, ల్యాబ్‌కు గింజలు పంపాలా, పొడి పంపాలా?

గుజ్జు ఫ్యాక్టరీ

రెండూ పంపండి అక్కా. గింజలైతే బస్తా పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి తీసి కలిపి పంపండి.