మోరీ నీళ్లు బాత్రూంలోకి ఎదురెక్కకుండా వాల్వు ఎక్కడ పెట్టాలి?

హన్మకొండ, నయీంనగర్ నాలాకు దగ్గర్లో రెండంతస్తుల ఇల్లు. తుపాను తీరం దాటేది కోస్తాలోనే అయినా వాన మాత్రం ఇక్కడిదాకా వస్తది. 2025 అక్టోబరులో మొంథా తుపాను సంగతి తెలిసిందే కదా.

గేటు దగ్గరికి ఇసుక సంచులు సరే: సగానికి కొంచెం పైదాకే నింపి, ఇటుకల లెక్క అతుకులు తప్పించి, నీళ్లొచ్చే వైపు ప్లాస్టిక్ షీటు పరిస్తే చాలావరకు ఆగుతయి. అసలు బాధ కింది నుంచి. నాలా నిండితే బయటి చాంబర్‌లో నీటిమట్టం బాత్రూం జాలీ కంటే పైకి పోయి, 4 అంగుళాల పైపులోంచి మురుగు వెనక్కి తంతది. జాలీకి గుడ్డలు కుక్కితే కమోడ్‌లోంచి లేస్తది.

నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను బయటికే పోనిచ్చి, వెనక్కి రాకుండా రెక్కతో మూసుకునేది) అన్ని లైన్లు కలిసినంక ఆఖరి చాంబర్‌లో పెట్టాలా, కింది అంతస్తు లైనుకే పెట్టాలా? ఆఖర్ల పెడితే, అది మూసుకున్నప్పుడు పైఅంతస్తు వాళ్లు వాడిన నీళ్లు పోయే దారిలేక కింది బాత్రూంలోనే తేలుతయి. అందుకే పైలైనును వాల్వు దాటినంక కలపాలనిపిస్తుంది. ప్లంబింగ్ తెలిసినవాళ్లు చెప్పండి, ఇందులో తిరకాసేమన్నా ఉందా?

ఇంకోటి: వాల్వు లోపలి రెక్కకు జిడ్డు, వెంట్రుకలు పట్టి సరిగ్గా మూసుకోకపోతే పెట్టీ దండగే. మూత విప్పి కడిగే రకం పీవీసీ వాల్వు వరంగల్‌లో ఎక్కడ దొరుకుతది?