కలివికోడి, బట్టమేక పిట్ట రెండూ ఒకే కుటుంబమా?

గ్రూప్2_ఆశావహుడు: నోట్స్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయండీ. రెండూ రాయలసీమలోవే, రెండింటికీ ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) జాబితాలో ‘తీవ్రంగా అంతరించే ప్రమాదం’ అనే ఉంది. మరి తేడా ఏంటి? బిట్లు బట్టీపట్టీ పట్టీ విసుగొచ్చేసింది, కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

పిట్టలపిచ్చి: కుటుంబం సంగతి అటుంచు, క్రమమే (కుటుంబాల పైన ఉండే పెద్ద వర్గం) వేరు తమ్ముడూ. కలివికోడిది గ్లారియోలిడే కుటుంబం, కరాడ్రీఫార్మిస్ క్రమం, అంటే కోడికి కాదు, మన తీతువు పిట్టకి చుట్టం. బట్టమేక పిట్టది ఓటిడిడే. సైజు చూసినా కలపలేం: కలివికోడి 27 సెంటీమీటర్లు, బట్టమేక మగపక్షి మీటరు ఎత్తుండి 15 కిలోల దాకా తూగుతుంది.

కడప_కుర్రోడు: మా వైపు కలివికోడి గురించి నేను చెప్తా. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి ఇక లేదనుకున్నారు, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది, దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు. పగలంతా పొదల్లో నక్కి రాత్రి బయటికొచ్చే పిట్ట, అందుకే వెతికేవాళ్ళు అడవిలో మెత్తటి మట్టి పరిచి పొద్దున్నే కాలి గుర్తులు చూసేవాళ్ళు! ముళ్ళపొదలు మరీ దట్టంగా ఉన్నా ఉండదు, మొత్తం కొట్టేసినా ఉండదు. తెలుగుగంగ కాలువ దారి కూడా దీనికోసం మార్చారు.

పిట్టలపిచ్చి: బట్టమేకకి పొదలు కాదు, కనుచూపు మేర గడ్డిమైదానం కావాలి. మనవాళ్ళు అలాంటి నేలని బంజరు అని రాసేసి దున్నేశారు, సోలార్ ప్లాంట్లకి ఇచ్చేశారు. పైగా దానికి ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, అంత బరువుతో చటుక్కున పక్కకి తిరగలేదు, కరెంటు తీగలకి కొట్టుకుని చచ్చిపోతుంది. పెట్టేది సాధారణంగా ఒక్క గుడ్డు, పోయినవాటి లోటు ఎప్పటికి పూడుతుంది? జాబితాలో 2011 నుంచి ఈ స్థాయి, మిగిలినవి 150 లోపే. నా లెక్కలో కలివికోడిది ఇంకా పెద్ద చిక్కు, లెక్కపెడదామన్నా కనబడదు కదా.

గ్రూప్2_ఆశావహుడు: థాంక్సండీ. నంద్యాల దగ్గరే ఉంటాను, రోళ్ళపాడు అభయారణ్యానికి వెళ్తే బట్టమేక కనిపిస్తుందా?

కడప_కుర్రోడు: ఆ ఆశ పెట్టుకోకు బ్రదర్. కృష్ణజింకలు చూడొచ్చు, చలికాలంలో వెళ్తే సాయంత్రం గడ్డిలో దిగే పిల్లిగద్దలు చూడొచ్చు. బట్టమేకే కావాలంటే రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కి టికెట్ తీసుకో, ముందు ప్రిలిమ్స్ అవ్వనీ.