ఎండ, వడగాలి, ఉప్పునీళ్లు ఉన్న చోట ఇంటితోట క్లాసులకు వెళ్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మూడోసారి_విత్తాను:

అందరికీ నమస్తే. సూటిగా అడిగేస్తాను. మా దగ్గర ఏడాదిలో సగం రోజులు ఎండ దంచేస్తుంది, మధ్యాహ్నం దాటితే వడగాలి, బోరు నీళ్లేమో బకెట్ అడుగున తెల్లగా పొర కట్టేంత ఉప్పు. రెండేళ్ల నుంచి మేడమీద కొన్ని కుండీలు, పెరట్లో రెండు చిన్న మడులు పెట్టుకుని తంటాలు పడుతున్నాను. టమాటా మొక్కలు ఛాతీ ఎత్తు పెరిగాయి, పూత విరగబూసింది, ఒక్క పిందె నిలవలేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే మొక్క మొదట్లో పసుపు పూలు కాడతో సహా రాలిపడి ఉంటాయి, కాడ మధ్యలో కణుపు ఉంటుందే, సరిగ్గా అక్కడ ఎవరో గోటితో గిల్లినట్టు తెగి ఉంటుంది. నీళ్లు చాలట్లేదేమోనని రెండు పూటలా పోయడం మొదలుపెట్టాను. అప్పట్నుంచి ఆకుల అంచులు మాడుతున్నాయి.

ఇప్పుడు మా కాలనీలో కొందరు కలిసి ఇంటితోట క్లాసులు పెడుతున్నారు, వారానికి ఒక పూట, ఆరు వారాలు. చేరాలని ఉంది. కానీ ఇదివరకు వేరేచోట ఒకరోజు వర్క్‌షాప్‌కి వెళ్తే అందమైన ఫొటోలు చూపించి, చేతిలో విత్తనాల పొట్లం పెట్టి పంపేశారు. అవి మొలిచాయి కూడా, పది రోజులకి మలమలా మాడిపోయాయి. వీడియోల్లో దొరకనిది క్లాసులో ఏం దొరుకుతుంది? చేరేముందు వాళ్లని ఏం అడగాలి?

కుండీలోకం:

అన్నా టైం వేస్ట్. నేను ఒక్క క్లాసుకీ వెళ్లలేదు, అంతా వీడియోలు చూసే నేర్చుకున్నా. 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండని ఆపే నీడ వల) కట్టు, మొదట్లో ఎండుటాకులు పరువు, సాయంత్రం నీళ్లు పోయ్. అయిపోయింది. దీనికి ఆరు వారాలెందుకు?

ఎండుటాకుల_బస్తా:

కుండీలోకం గారు చెప్పినవి తప్పు కాదు, కానీ ఆ మూడూ చేసి కూడా నేను రెండేళ్లు ఏమీ పండించలేదు, అందుకే రాస్తున్నా.

ముందు మీ పూత సంగతి. టమాటాకి పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కిందకి దిగకపోతే పుప్పొడి పనిచేయదు. పూలు పూస్తాయి, ఫలదీకరణ జరగదు, మొక్క ఆ కణుపు దగ్గర తెంపేసి వదిలించుకుంటుంది. నీళ్లు, ఎరువు ఎంత పోసినా మారదు. (నేనైతే మందు కొట్టాను, పైగా రెండుసార్లు, సిగ్గుపడుతూ చెప్తున్నా.) 30 డిగ్రీలు దాటితే కాయకి ఎరుపు కూడా సరిగ్గా రాదు, నారింజ రంగు దగ్గర ఆగిపోతుంది. అందరూ పగటి ఎండనే తిట్టుకుంటారు గానీ పూత నిలవాలంటే రాత్రి చల్లబడాలి.

అందుకని వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మీ దగ్గర రాత్రుళ్లు ఉక్కపోత ఎప్పుడు మొదలవుతుందో మీకు తెలుసు. నారుకి నాలుగైదు వారాలు, నాటాక పూతకి మరో నాలుగైదు వారాలు, ఆ పైన పిందె నిలబడటానికి కొంత. అంటే ఉక్కపోత రాకముందు మూడు నెలల నాడే విత్తనం మట్టిలో ఉండాలి. ఈ లెక్క ఏ వీడియోలోనూ మీకు సరిపోయేలా దొరకదు, ఎందుకంటే ఆ వీడియో తీసినాయన తన ఊరి నెల చెప్తాడు. నాకు క్లాసులో దొరికింది ఇదే. మొదటి రోజు క్లాసు చెప్పే ఆవిడ విత్తనాల ఊసే ఎత్తలేదు. ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలలు గీసి, ఏ నెలలో ఏది చస్తుందో మా చేతే రాయించింది. ముప్పైమంది ఇళ్లలో చచ్చిన మొక్కలన్నీ ఒకే కాగితం మీదకి వచ్చేసరికి, నాలుగు నెలలు దాదాపు నల్లగా నిండిపోయాయి. ఆ నెలల్లో బెండ, అలసంద లాంటివి తప్ప మిగతావి మానేశాను, సగం టెన్షన్ అప్పుడే పోయింది.

రెండోది, నీళ్లు. ఒక మడికి అందరం చూస్తుండగా ఎప్పుడూ పోసినట్టే పోసింది, పావుగంట ఆగి పారతో ఒక మట్టి చెక్క పక్కకి తీసింది. పైన రెండు వేళ్ల మందం నల్లగా తడి, దాని కింద పొడి దుమ్ము. వేళ్లన్నీ ఆ తడి పొరలోనే, పైపైనే అల్లుకుని ఉన్నాయి, మధ్యాహ్నం ఎండకి వేడెక్కేదీ సరిగ్గా అక్కడే. అప్పటిదాకా నేను పోసిన నీళ్లన్నీ ఎక్కడికి పోయాయో అర్థమైంది. మీరు కూడా రేపు నీళ్లు పోశాక ఒకసారి తవ్వి చూడండి. కుండీలైతే అంచు దగ్గర చూడండి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) బాగా ఎండితే కుండీ గోడనుంచి విడిపోతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు కన్నాల్లోంచి బయటికి పోతాయి, మధ్యలో మట్టిముద్ద ఎండుగానే ఉంటుంది.

చేరేముందు నేనైతే ఒకటే అడుగుతాను: చేసి చూపించే మడి ఎక్కడుంది, దానికి ఏ నీళ్లు పోస్తున్నారు? మీ నీళ్లే, మీ ఎండే అయితే కళ్లుమూసుకుని చేరండి. ఏసీ గదిలో ప్రొజెక్టర్ అయితే కుండీలోకం గారి మాటే కరెక్ట్.

కుండీలోకం:

సరే, తవ్వి చూడమన్నది బాగుంది. కానీ షేడ్ నెట్ ఒక్కటి కట్టుకుంటే ఇందులో సగం సమస్యలు ఉండవని ఇప్పటికీ అంటాను.

నారుమడి_నీడ:

నేను ఇలాంటి క్లాసుల్లో కొన్నేళ్లుగా ఊరికే చెప్తున్నాను, కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, చూసుకోండి.

షేడ్ నెట్ గురించి: కట్టాలి, కానీ తీయాలి కూడా. 50 శాతం నెట్ ఏడాది పొడవునా ఉంచేస్తే ఎండ తగ్గిన నెలల్లో మొక్క వెలుతురు కోసం సన్నగా సాగిపోతుంది, కాయ తగ్గుతుంది. పడమటి వైపు ఎండే అసలు శత్రువు, అటొక్కటి అడ్డం కడితే చాలాచోట్ల సరిపోతుంది. గాలికి మాత్రం గోడలాంటి అడ్డు పెట్టకండి. గట్టి గోడ మీంచి దూకిన గాలి అవతల సుడి తిరిగి మొక్కల్నే కొడుతుంది. సగం గాలి పోనిచ్చే దడి మేలు.

ఇక మూడోసారి గారి ఆకుల అంచులు. నాకు అది ఉప్పులాగే కనిపిస్తోంది. ఉప్పునీళ్లు కొద్దికొద్దిగా రోజూ పోస్తే నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. మీరు రెండు పూటలా చేసింది సరిగ్గా అదే. తక్కువసార్లు పోయండి, పోసినప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోయండి, కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. వాన పడితే కుండీలన్నీ వానలోకి లాగండి. ఆకుల మీద ఈ నీళ్లు చల్లొద్దు. పంటలన్నీ ఉప్పుని ఒకేలా ఓర్చుకోవు. నేల ఉప్పు కొలతలో బీన్స్ దిగుబడి మీటరుకి 1 డెసిసీమెన్ (ఉప్పుని కొలిచే యూనిట్) దాటగానే తగ్గడం మొదలవుతుంది, టమాటా 2.5 దాకా, బీట్‌రూట్ 4 దాకా తట్టుకుంటాయి. మట్టి పరీక్షకి ఇచ్చినప్పుడు ఆ కాగితంలో ఈసీ (విద్యుత్ వాహకత) అని ఉండేది ఇదే, అందరూ పీహెచ్ చూసి పక్కన పెట్టేస్తారు.

ఒకళ్లిద్దరు కుండ పద్ధతి గురించి కూడా చెప్తారు మీకు. మెరుగు పెట్టని మట్టికుండని మెడదాకా పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెడితే, మట్టి ఎండేకొద్దీ ఊరుతుంది. రెండువేల ఏళ్ల కిందటే చైనా వ్యవసాయ గ్రంథంలో రాసి పెట్టారు దీని గురించి. అద్భుతంగా పనిచేస్తుంది, కానీ మీ నీళ్లతో కుండ రంధ్రాలు ఉప్పుతో పూడుకుపోతాయి, అప్పుడప్పుడు తీసి కడిగి ఆరబెట్టుకోవాల్సిందే. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

విత్తనాల పొట్లం మీద జోన్ నంబరు చూసి కొనేవాళ్లకి ఒక మాట. ఆ 13 జోన్ల అమెరికా మ్యాపు చలికాలంలో ఎంత చలి పడుతుందో చెబుతుంది, అంతే. ఎండ గురించి అందులో ఒక్క ముక్క లేదు. 30 డిగ్రీలు దాటే రోజులు ఏడాదికి ఎన్నో లెక్కపెట్టి 1997లో వేడి జోన్ల మ్యాపు వేరే వేశారు, అది పొట్లాల మీద దాదాపు కనిపించదు.

నిజం చెప్పాలంటే క్లాసుల్లో మేం చేసే పెద్ద తప్పు, ఆరు వారాలు అయ్యాక చెయ్యి వదిలేయడం. మొక్కకి జబ్బు వచ్చేది ఏడో వారంలో. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1970ల మొదట్లో మాస్టర్ గార్డెనర్ పద్ధతి పుట్టింది కూడా ఇందుకే. పెరటి తోటవాళ్ల ప్రశ్నలకి జవాబు చెప్పలేక యూనివర్సిటీ వాళ్లు తలపట్టుకుని, కొందరికి శిక్షణ ఇచ్చి, బదులుగా ఇన్ని గంటలు జనానికి సలహా చెప్పాలని షరతు పెట్టారు. కాబట్టి మీరు అడగాల్సిన ఇంకో ప్రశ్న: క్లాసులు అయ్యాక మాడిన ఆకు పట్టుకుని ఎవరి దగ్గరికి రావాలి?

మూడోసారి_విత్తాను:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం మడికి నీళ్లు పోసి తవ్వాను. బస్తా గారూ, మీరు రాసినట్టే ఉంది, చూపుడువేలు రెండో కణుపు దాకా తడి, కింద బూడిదలాంటి పొడి. రెండేళ్లు ఆ రెండు కణుపులకే నీళ్లు పోశాను. కుండీ అంచున వేలు పెడితే వేలు లోపలికి దిగిపోయింది, అంత సందు.

క్లాసుల వాళ్లకి ఫోన్ చేశాను. మడి కాలనీ వెనక ఖాళీ స్థలంలోనే ఉందట, పోసేది మా బోరు నీళ్లే. అయ్యాక కూడా నెలకోసారి అదే మడి దగ్గర కలుస్తారట. ఎవరికి చూపించాలంటే మాత్రం "ఎవరో ఒకరు ఉంటారండీ" అన్నారు, అది అంత నచ్చలేదు, అయినా పేరు ఇచ్చేశాను. టమాటా ఈసారికి మానేస్తున్నా, మీ లెక్క ప్రకారం చూస్తే ఆరు వారాలు ఆలస్యమైపోయాను.

మొదటి రోజు ఇంటి మట్టి ఒక డబ్బాలో తెచ్చుకోమన్నారు. కుండీది తేవాలా, మడిదా?

నారుమడి_నీడ:

రెండూ, విడివిడిగా. పైపైన గీరకుండా జానెడు లోతు నుంచి తీయండి. గాజు సీసాలో నీళ్లు పోసి ఊపి పెడతారు, ఇసుక నిమిషంలో దిగిపోతుంది, ఒండ్రుకి గంటా రెండు గంటలు, బంకమట్టి మర్నాటికి గానీ తేరుకోదు. మీ బోరు నీళ్లు కూడా ఒక సీసాడు పట్టుకెళ్లి ఈసీ చూడమనండి.

కుండీలోకం:

అన్నా ఆ మట్టి సంగతి సరే, పడమటి వైపు నెట్ కట్టావా లేదా?