ఈ వారం సమస్య (సభ్యులు కలం పేర్లతో పూరించినవి): పాట పాడని గొంతుకే పాట పాడె

నిర్వాహకుడు:
మిత్రులారా, శనివారం రాత్రి ‘మై ఫెయిర్ లేడీ’ మళ్లీ చూశాను. పూలమ్మే ఎలైజాకు ప్రొఫెసర్ హిగ్గిన్స్ మాటతీరు నేర్పే 1964 నాటి హాలీవుడ్ సినిమా అది. హిగ్గిన్స్ ఇంట్లో వాన పాట వస్తుండగా ఈ పాదం తట్టింది.

పాట పాడని గొంతుకే పాట పాడె

దీన్ని చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు కట్టి, పొసగని ఈ మాటకు అర్థం కుదిరేలా, ఆ సినిమా గడప దాటకుండా పూరించండి. వాణి కరుణించి మూగవాడు పాడిన పూరణలు ఈసారి వద్దు. పోయినసారి కుప్పలు తెప్పలుగా వచ్చాయి.

కందపద్యం:
తెరను హెప్బర్ను పెదవులు తెరచె గాని
నిజము నిక్సను గళమున నిలిచె నంట
చూడ వచ్చిన జనులెల్ల చోద్యపడగ
పాట పాడని గొంతుకే పాట పాడె

తెర మీద ఎలైజాగా ఆడ్రీ హెప్బర్న్, తెర వెనుక ఆమెకు పాడింది మార్నీ నిక్సన్. ఇంతకన్నా సూటిగా పూరించే వీలుందని నేననుకోను. ఉంటే సంతోషమే.

గోదారి గట్టు:
ధార బాగుంది గురువుగారూ. నిక్సన్ అనగానే వాటర్‌గేట్ మనిషి కళ్ల ముందు మెదిలి కాస్త తికమకపడ్డాను.

పాత రీలు:
ఆ అమెరికా అధ్యక్షుడికీ ఈవిడకూ ఏ సంబంధమూ లేదు బాబూ. ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కు, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటలీ వుడ్‌కు గొంతు అరువిచ్చింది ఈవిడే. మన ఘంటసాల, సుశీల పేర్లు తెర మీద దర్జాగా పడేవి. నిక్సన్ పేరు ఈ చిత్రంలో ఎక్కడా పడలేదు. అసలు బాధ మరొకటి ఉంది. 1956లో న్యూయార్క్ రంగస్థలం మీద ఎలైజాగా పాడి జనాన్ని ఊపేసిన జూలీ ఆండ్రూస్‌ను, సినిమా అనుభవం లేదని నిర్మాత జాక్ వార్నర్ పక్కన పెట్టేశారు. ఆవిడ ఈ సినిమా వచ్చిన 1964లోనే ‘మేరీ పాపిన్స్’లో నటించి ఆస్కార్ ఎగరేసుకుపోయింది. ‘మై ఫెయిర్ లేడీ’కి 8 ఆస్కార్లు వచ్చాయి గానీ హెప్బర్న్‌కు నామినేషన్ కూడా దక్కలేదు. పాడగలిగిన గొంతుకు తెర లేదు, తెర ఉన్న మనిషికి గొంతు లేదు. దీని మీద ఎవరైనా రాస్తారా?

మధ్యమావతి:
కందపద్యం గారి పూరణ చదివాను. సమస్య సమస్యగానే మిగిలిపోయింది. హెప్బర్న్ తెరిచింది పెదవులు, పాడింది నిక్సన్ గొంతు. పాడే గొంతు పాడితే అందులో వింతేముంది? పాడని గొంతు ఏదో, అదే పాడాలి కదా! ‘గొంతుకే’లోని ఏకారాన్ని ఆయన గాలికి వదిలేశారు. పైగా ‘నిలిచె నంట’ అనే గ్రామ్యం ఒకటి. ‘నిలిచి యుండ’ అంటే గణమూ నిలిచేది, పరువూ నిలిచేది.

ఆ సినిమాలో నిజంగా పాడలేని గొంతు ఒక్కటే ఉంది.

రాగ మెరుగని ప్రొఫెసరు రమ్యఫణితి
పలుకు నడకనె లయ గూర్చి పరవశింప
మెడను చుట్టిన టైలోన మైకిడ, పొర-
పాట పాడని గొంతుకే పాట పాడె

పాత రీలు:
ఆహా! హిగ్గిన్స్ వేషం వేసిన రెక్స్ హారిసన్! ఈ టై సంగతి తెలియని వారికి చెబుతాను. హాలీవుడ్‌లో పాటలు ముందే రికార్డు చేసి, చిత్రీకరణలో పెదవులు కలిపిస్తారు. హారిసన్ ససేమిరా అన్నారు. ఒకసారి పలికినట్టు మరోసారి పలకను, నా మాటకు నేనే పెదవి కలపలేను అన్నారు. చివరికి వైర్‌లెస్ మైకు తెచ్చి ఆయన టైలో దాచారు. సెట్లో నడుస్తూ, కసురుకుంటూ అప్పటికప్పుడు పలికిందే మనం వింటాం. పాటకూ మాటకూ మధ్య గీత మీద నడిచిన ఆ పాత్రకే ఆయనకు ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. ఈ కథనంతా ఒక్క పాదంలో ఇరికించారు మధ్యమావతి గారు.

గోదారి గట్టు:
‘పొర’ను పై పాదం చివర ఉంచి విరవడం చూసి లేచి నిలబడ్డాను అక్కయ్యగారూ! పొరపాటున కూడా పాడని గొంతు! పాదంలో అక్షరం కదల్లేదు, అర్థం మాత్రం తలకిందులైంది.

కందపద్యం:
లేచి నిలబడ్డవారు కాసేపు కూర్చోండి. మొదటిది: ‘మెడను’, ‘మైకిడ’. ఎత్వానికీ ఐత్వానికీ యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ నిర్ణీత చోటి అక్షరానికీ ఉండే పొత్తు) ఎప్పటి నుంచి కుదిరింది? ఐకారం అకారం వర్గంలోది. ‘మడచి కట్టిన’ అంటే సరిపోయేది, ఇది నా కానుకగా ఉంచుకోండి. రెండోది ముఖ్యం. మీరు విరిచిన ‘పొరపాట’ ద్రుతాంతం, అంటే చివర నకారం దాగిన మాట. దాని మీద పరుషమైన ‘పా’ సరళమైన ‘బా’ కావాలి, అంటే ‘పొరపాటఁ బాడని’. అప్పుడు ఇచ్చిన పాదం ఇచ్చినట్టు ఎక్కడుంది? చమత్కారం కోసం వ్యాకరణం మెడకే టై బిగించారు.

మధ్యమావతి:
‘మడచి కట్టిన’ తీసుకున్నాను. టై నిజంగా మడిచే కడతారు కనుక అర్థం కూడా మెరుగైంది. మీ చేతి నుంచి మంచి పాదం రావడం అరుదు, అందుకే భద్రంగా దాచుకుంటాను. ఇక సరళాదేశం. ‘పొరపాటఁ బాడని’ అని పైకి చదివి చూడండి, ఇంకా సొంపుగా లేదూ? నిర్వాహకుల అక్షరాన్ని ముట్టుకోకూడదన్న మర్యాద కొద్దీ ఊరుకున్నాను. పాదాంతంలో విరిగిన మాటకు ఈ మాత్రం వెసులుబాటు ఇవ్వని సభ నేను చూడలేదు.

గోదారి గట్టు:
పెద్దల మధ్య చిన్నవాడిగా నాదొకటి. కోపంతో ఎలైజా హిగ్గిన్స్‌ను శపిస్తూ పాడే పాటలో మొదటి భాగం హెప్బర్న్ సొంత గొంతే, స్వరం పైకెక్కే చోట నిక్సన్ అందుకుంటుంది. దాన్ని పట్టుకున్నాను.

కొంత హెప్బర్ను స్వరముంచి, కొంత మాపి
కోప మెగసిన పాటలో గొంత వరకు
దొరికె నామెదె కంఠము, దోష మేమి?
పాట పాడని గొంతుకే పాట పాడె

కందపద్యం:
భేష్! పాడదని లోకం అనుకున్న గొంతు పాడింది. ఏకారానికి న్యాయం జరిగింది, వ్యాకరణానికి గాయం కాలేదు. ‘పాటలో గొంత’ దగ్గర సరళాదేశం కూడా చేశారు చూడండి. చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు కొందరు.

మధ్యమావతి:
పూరణ నిజంగా బాగుంది తమ్ముడూ, ‘కొంత మాపి’ అన్న మాటలో హెప్బర్న్ పడ్డ నొప్పంతా ఉంది. నేర్చుకోవడం మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. ‘తెరలు చించిన వారికే దీవెనలట’ సమస్యకు ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ మీద కందపద్యం గారు ‘పిల్ల లెనమండ్రు’ అని రాశారు. ఆ సినిమాలో పిల్లలు ఏడుగురే కదా! గణం కోసం ఒక బిడ్డను కన్నారా?

కందపద్యం:
ఆ సినిమాకు మూలమైన అసలు ట్రాప్ కుటుంబంలో మరియాకు పుట్టినవారితో కలిపి పదిమంది. ఎనమండ్రు అనడంలో నేను సంయమనమే చూపించాను.

మధ్యమావతి:
‘పిల్ల లేడుగు రందరు’ అంటే గణాలూ సరిపోయేవి, లెక్కా సరిపోయేది. ఇది నా కానుక.

పాత రీలు:
ఆ సినిమాలోనే మార్నీ నిక్సన్ సన్యాసినుల మధ్య సిస్టర్ సోఫియాగా తెర మీద కనిపిస్తుంది. ఆమె మీద పూరణ రాయమంటే ఎవరూ పలకరు, పిల్లల్ని లెక్కపెట్టమంటే మాత్రం ముందుంటారు.

నిర్వాహకుడు:
ట్రాప్ పిల్లల జనాభా లెక్కలు వేరే చోట తేల్చుకోండి. పూరణలు రేపు రాత్రి దాకా తీసుకుంటాను. మధ్యమావతి గారి విరుపు చూసి ఇప్పటికే ముగ్గురు ‘పొర’తో మొదలుపెట్టి నాకు విడిగా పంపారు. అవి ఇక చాలు.