ఫెయిలోవర్ (ఒక లైన్ పడితే రెండోదానికి మారడం) అయ్యాక ఐపీ ఫోన్లు మాత్రం పనిచేయట్లేదు: పాత నాట్ (లోపలి అడ్రస్‌లను పబ్లిక్ అడ్రస్‌గా మార్చే పద్ధతి) ఎంట్రీలను ఎలా వదిలించుకోవాలి?

సిస్కో ఐఓఎస్ రౌటర్, రెండు ఐఎస్‌పీ లైన్లు. ఐపీ ఎస్ఎల్ఏ (లైన్ పనిచేస్తోందో లేదో చూసే రౌటర్ ఫీచర్) గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8ని పింగ్ చేస్తుంది. ఆ అడ్రస్‌కి మొదటి లైన్ మీదుగానే స్టాటిక్ రూట్ ఉంది. లేకపోతే పింగ్ రెండో లైన్‌లో వెళ్లి, రూట్ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. నాట్‌కి లైన్‌కో రూట్‌మ్యాప్ (ఏ ట్రాఫిక్‌కి ఏ నాట్ రూల్ వర్తించాలో చెప్పే షరతు), అందులో మ్యాచ్ ఇంటర్‌ఫేస్ (ట్రాఫిక్ ఏ లైన్ మీదుగా బయటికెళ్తోందో చూసేది) ఇచ్చాం.

మొదటి లైన్ పడిపోతే డిఫాల్ట్ రూట్ సరిగ్గానే మారుతోంది, బ్రౌజింగ్ నడుస్తోంది. ఫోన్లకే రిజిస్ట్రేషన్ పోతోంది. షో ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్స్‌లో 5060 పోర్టు (ఫోన్లు రిజిస్ట్రేషన్‌కి వాడే సిప్ పోర్టు) ఎంట్రీలు ఇంకా మొదటి లైన్ పబ్లిక్ అడ్రస్‌తోనే కనిపిస్తున్నాయి. యూడీపీ టైమౌట్ (వాడకం లేని ఎంట్రీ ఎంతసేపు ఉంటుందో) 300 సెకన్లు. ఫోన్లు 60 సెకన్లకోసారి రిజిస్టర్ పంపుతుంటే ఆ ఎంట్రీ చావదు కదా!

టేబుల్ మొత్తం క్లియర్ చేస్తే వెంటనే దారికొస్తాయి. ట్రాక్ (ఆ పింగ్ ఫలితాన్ని గమనించేది) డౌన్ కాగానే ఈఈఎం యాప్లెట్‌తో (రౌటర్‌లోనే నడిచే చిన్న స్క్రిప్ట్) అది చేయించొచ్చు. మొదటి లైన్ తిరిగొచ్చినప్పుడు కూడా క్లియర్ చేస్తే, నడుస్తున్న కాల్స్ తెగుతాయి. ఒక్క లైన్ ఎంట్రీలనే తీసే మార్గం ఉందా? ట్రాక్‌లో డిలే అప్ (లైన్ తిరిగొచ్చాక అప్ అని చెప్పే ముందు ఆగే సమయం) ఎంత పెడుతున్నారు?