"కింగ్ ఛార్లెస్ ది థర్డ్" చూసినవాళ్ళున్నారా? మా నాన్న ఒకటి అడిగాడు, నేనొకటి అడుగుతున్నా

తెనాలమ్మాయి:
మైక్ బార్ట్‌లెట్ రాసిన నాటకం. 2014లో లండన్ అల్మీడా థియేటర్లో మొదట ఆడారు, 2017లో బీబీసీ టీవీకి తీసింది. ఎలిజబెత్ రాణిగారు బతికుండగానే ఆవిడ అంత్యక్రియలతో మొదలుపెట్టి, కొడుకు ఛార్లెస్ గద్దెనెక్కితే ఏమవుతుందో ఊహించి పద్యంలో రాశాడు. మొన్న నాన్న తెనాలి నుంచి ఇంగ్లండులో, లెస్టర్‌లో మా ఇంటికొస్తే ఇద్దరం కూర్చుని చూశాం.

నాన్న కుర్రతనంలో కృష్ణుడి వేషం కట్టినవాడు. ఐదు నిమిషాలు చూసి, "పద్యమన్నావు, రాగమేదమ్మా? హార్మోనియం ఏదీ?" అన్నాడు. ఒక పాదం దగ్గర ఆపి, మళ్ళీ వేసి, బల్ల మీద వేలితో కొట్టి చూపించా. తేలిక, బరువు, తేలిక, బరువు, అలా ఐదు జతలు. "ఓహో, ఐదు వగణాలు. యతి లేదు, ప్రాస లేదు... సర్లే, పోనీ" అన్నాడు. ఇక అయిపోయేదాకా సోఫా చేతి మీద ఆయన వేలు ఆగితే ఒట్టు.

ఇంగ్లీషు సగమే అందుతుంది కాబట్టి కథ నేను చెబుతూ వచ్చా. పత్రికలకు కళ్ళెం వేసే బిల్లు పార్లమెంటులో గట్టెక్కుతుంది. తన పరువు బజారుకీడ్చిన ఆ పత్రికల కోసమే ఛార్లెస్ సంతకం పెట్టనంటాడు! సభలోకి నడిచొచ్చి పార్లమెంటునే రద్దు చేస్తాడు. ప్యాలెస్ ముందు ట్యాంకు పెట్టిస్తాడు (అక్కడ మాత్రం నాకు అతి అనిపించింది). చివరికి పెద్దకొడుకు విలియం, కోడలు కేట్ కలిసి దింపేస్తారు. చిన్నకొడుకు హ్యారీ ప్రేమకథ లేకపోయినా నడిచేది.

నాన్న అడిగింది: "ఆయనన్నది న్యాయమే గదా, ఎందుకు దిగాలి?" నేనడిగేది: చనిపోయిన మొదటి భార్య డయానా దెయ్యమై వస్తుంది కదా, అది మీకెలా అనిపించింది? మా ఆఫీసులో చూసినవాళ్ళు అదొక్కటీ తీసేస్తే బాగుండేదన్నారు.

సిక్కోలు శీను:
అక్కా, నేను చదువుకునే రోజుల్లో, 2014లో, విండమ్స్ థియేటర్లో చూశా. దెయ్యం రాగానే నా వెనక వరసలో కిసుక్కుమన్నారు. అది ఛార్లెస్‌తో "అందరిలోకీ గొప్ప రాజువవుతావు" అంటుంది. తర్వాత విలియంకీ అదే మాట. అప్పుడు నవ్వు రాలేదెవరికీ. తీసేస్తే తండ్రీకొడుకుల మధ్య ముడే ఉండదు. మన నాటకంలో ఆకాశవాణి పలికితే ఎవరైనా ఇదేమిటంటారా?

పాత ప్లీడరు:
మీ నాన్నగారికి జవాబు. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది అక్కడ రాజు తేల్చే పని కాదు. చివరిసారి ఆమోదం నిరాకరించింది 1708లో ఆన్ రాణి, స్కాటిష్ మిలీషియా బిల్లుకి. అదీ మంత్రుల సలహా మీదే. మన దగ్గర ఇంతకంటే తమాషా జరిగింది. 1986లో జనం ఉత్తరాలు విప్పి చూసే అధికారం సర్కారుకిచ్చే పోస్టాఫీసు సవరణ బిల్లు అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ దగ్గరికొచ్చింది. ఆయన ఔననలేదు, కాదనలేదు. పదవి దిగేదాకా సొరుగులో పెట్టినట్టు అలాగే ఉంచేశారు. రాష్ట్రపతి ఆమోదం సంగతి చెప్పే మన రాజ్యాంగం 111వ అధికరణంలో గడువు లేదు మరి. పాపం, ఛార్లెస్‌కి సొరుగు సంగతి తట్టలేదు.

బెజవాడ బాబి:
ఇప్పుడెందుకండీ ఇది? 2022లో రాణి పోయింది, అసలు ఛార్లెస్ బుద్ధిగా సంతకాలు పెట్టుకుంటున్నాడు. 2023 మే 6న పట్టాభిషేకం లైవ్ చూశా. ఆర్చిబిషప్ కిరీటాన్ని అటు తిప్పి ఇటు తిప్పి సర్దుతుంటే ఆయన కదలకుండా కూర్చున్నాడు. ట్యాంకా, తోటకూరా!

తెనాలమ్మాయి:
బాబీ, సరిగ్గా ఆ సీనే నాటకంలో తిరగబడుతుంది. దిగిపోయిన ఛార్లెస్ కిరీటం తానే లాక్కుని కొడుకు తలమీద పెడతాడు. ఆ వేషం వేసిన టిమ్ పిగాట్ స్మిత్ టీవీలో ప్రసారానికి నెల ముందే పోయాడట. ఆ మాట చెప్పాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

ప్లీడరుగారూ, మీది చదివి వినిపించా. "సొరుగులో పెడితే పద్యం ఎక్కడ పుడుతుందయ్యా" అన్నాడు. ఆపైన ఆ కిరీటం సీను చూపించి "వన్స్‌మోర్" అన్నాడు. మూడోసారి వేసేసరికి పప్పు చల్లారిపోయింది.